కోడ్ అడిగాకే పార్టు మార్పించండి

డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ లైటు వెలిగిందంటే మన నారాయణఖేడ్‌లో మనసు ముందు సంగారెడ్డి గ్యారేజీల వైపో, బీదర్ గ్యారేజీల వైపో పోతుంది. నిజానికి ఆ లైటు ఎందుకు వెలిగిందో కారు దగ్గరే జవాబు మొదలవుతుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అదే ఓబీడీ పోర్టు. కారు తన తప్పులను తానే కనిపెట్టే ఈ ఏర్పాటు (ఓబీడీ-2) మన దేశంలో కొత్త కార్లకు తప్పనిసరి. అడాప్టర్ పెట్టి లాప్‌టాప్ కలిపితే ఇంజిన్ కంప్యూటర్ దాచిపెట్టిన కోడ్ తెర మీదికొస్తుంది.

అయితే కోడ్ అంటే రోగం కాదు, లక్షణం మాత్రమే. పీ0171 వస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతోందని అర్థం. కొందరు వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. అసలు తప్పు పగిలిన ఒక రబ్బరు పైపులో ఉండొచ్చు. అందుకే ఇంజిన్ నడుస్తుండగా లైవ్ డేటా (సెన్సర్ల అప్పటికప్పుడు రీడింగులు) చూడాలి, ఇంజిన్ ఆపాక పైపులు చేత్తో తడిమి చూడాలి. కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది గానీ తప్పు పోదు.

మన మెకానిక్ అన్నల చేతి అనుభవం చాలా గొప్పది. దానికి ఒక లాప్‌టాప్ తోడైతే ఎన్నో రిపేర్లు మన ఊళ్లోనే అయిపోతాయి. ఐటీఐ చదివే తమ్ముళ్లూ, ఇది తప్పకుండా నేర్చుకోండి. కారున్నవాళ్లూ, పార్టుకు డబ్బులిచ్చే ముందు "కోడ్ ఏమొచ్చిందన్నా?" అని అడగండి.