తీగ చుట్టిన చేతులు

సూరత్‌లోని లింబాయత్ సందుల్లో మరమగ్గాల మోత మధ్య కరీంనగర్ యాస చెవిన పడుతుంది. నేతపని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. ఆ ఇళ్ల ఆడపిల్లలు మరాఠీ, హిందీ ఇళ్ల పిల్లలతో కలిసి, ఆడపిల్లలకే పెట్టిన వేసవి సైన్స్ శిబిరానికి వస్తున్నారంటే చూడ్డానికి వెళ్లాను.

సెలవులొస్తే ఇక్కడి ఆడపిల్లలకు పని పెరుగుతుంది. చీరల మీద వేలాడే దారాలు కత్తిరించడం, రాళ్లు అతికించడం, లేసు కుట్టడం... చీరకింత అని లెక్కగట్టే పని ఇంటికే వస్తుంది. తమ్ముళ్లు గల్లీలో క్రికెట్ ఆడుతుంటే అక్కలు తల్లి పక్కన కూర్చుంటారు. శిబిరం పొద్దున పూటే పెట్టింది అందుకే. మధ్యాహ్నానికి పిల్ల ఇల్లు చేరుతుందన్న మాట మీదే తల్లులు పంపారు.

చాప మీద సెల్లులు, అయస్కాంతాలు, పిన్నీసులు, పూత ఉన్న రాగితీగ. ఎనిమిది పూర్తిచేసిన ఒక తెలుగమ్మాయి చిన్న మోటారు చేయడానికి సెల్లు చుట్టూ తీగ చుడుతోంది. ఇంట్లో కండెలు చుట్టిన చెయ్యి, ఒక చుట్టు మీదికి ఇంకోటి ఎక్కలేదు. చుట్టను, సెల్లు రెండు చివరలకూ తగిలించిన పిన్నీసుల మధ్య నిలిపి కింద అయస్కాంతం పెట్టింది. అది అటూ ఇటూ ఊగిందే కానీ తిరగలేదు.

"కొసల మీది పూత ఎంత గీకినవ్?" అడిగింది నేర్పే అమ్మాయి.

"మొత్తం గీకిన, అక్కా."

అక్క జవాబు చెప్పలేదు. పక్క జట్టు మోటారు చూసి రమ్మంది. పిల్ల వెళ్లి, వంగి, చాలాసేపు చూసింది. అక్కడ ఒక కొసకు సగమే గీకి ఉంది. మొత్తం గీకితే సగం తిరుగుడులో ముందుకు తోసిన బలమే మిగతా సగంలో వెనక్కి లాగుతుంది. ఆ సగంలో కరెంటు ఆపేస్తే వచ్చిన ఊపుతో చుట్ట తిరిగిపోతుంది. పిల్ల కొత్త తీగ అడగలేదు. ఒక కొసకు సగం వైపు గోళ్లరంగు పూసి, ఊది ఆరబెట్టి, మళ్లీ పెట్టింది. తిరిగింది! ఆ గోళ్లరంగు ఆలోచన ఎవరూ చెప్పింది కాదు.

మగపిల్లలు కూడా ఉంటే బ్లేడూ స్క్రూడ్రైవరూ వాళ్ల చేతికే పోతాయని, వీళ్లకు బొమ్మ గీసే పని మిగులుతుందని ఆ అక్క అంది. నేనూ బడుల్లో అదే చూశాను.

చవక సరుకుతో సైన్స్ నేర్పడం మనకు కొత్త కాదు. హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం 1972లో మొదలై 2002 దాకా పల్లె బడుల్లో నడిచింది. అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, చెత్తతో బొమ్మలు చేయించారు. మన కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ఆ పనే చేస్తోంది. కేంద్రం 2019లో తెచ్చిన విజ్ఞాన్ జ్యోతి పథకం తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు. మంచిదే. కానీ గుజరాత్‌లో ప్రాథమిక విద్య ఎనిమిదితో అయిపోతుంది. బడి మారాల్సిన ఆ వేసవిలోనే చదువు ఆగే భయం ఎక్కువ. అందుకే ఇలాంటి గది ప్రతి వాడలోనూ, అదీ ఎనిమిదో తరగతికి ముందే ఉండాలని నా పట్టుదల.

మోటార్ల తర్వాత పిల్లలు దారాలు కాల్చారు. నూలు కాగితంలా కాలి బూడిదైంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసైంది. "మా బాపు నేసేది ఇదే" అంది ఒక పిల్ల, పూసను గోటితో నొక్కుతూ.

మర్నాడు వీళ్లను ఒక మగ్గాల కార్ఖానాకు తీసుకెళ్తారు. కరెంటు ఆపి, మగ్గం మోటారు మూత తీయించి లోపలి తీగచుట్ట చూపిస్తానని సేఠ్ ఒప్పుకున్నాడు. ఏమేం అడగాలో పిల్లలు అప్పుడే రాసుకుంటున్నారు. మొదటి ప్రశ్న: "దీని పూత ఎవరు గీకారు?"