37వ నిమిషం

గుడిబండలో ఉన్నవాళ్లకూ, బతుకుదెరువుకు బెంగళూరు, హిందూపురం వెళ్లి ఫోన్‌లోనే ఇది చదువుతున్నవాళ్లకూ.

అవ్వ జ్ఞాపకార్థ కూడికను రెండు వారాలు ఎందుకు వెనక్కి జరిపారని చాలామంది అడిగారు. కంప్యూటర్ మొరాయించింది అన్నాం. నిజమే చెప్పాం గానీ సగమే చెప్పాం. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాం.

అవ్వ సాక్ష్యాన్ని ఆమె పోవడానికి నాలుగు నెలల ముందు ఆమె ఇంట్లోనే ఫోన్‌లో తీశాం. గంటా 12 నిమిషాలు. ముందూ వెనకా ఉన్న దగ్గులూ, మధ్యలో కోడి అరుపులూ తీసేసి, కింద పేర్లు వేసి, పెద్ద తెర మీద చూపిద్దామని మా ఆలోచన. ఆదివారం ప్రసంగాలు ఎడిట్ చేసే పాత కంప్యూటరే మా ఇంట్లో ఉంది. దాంట్లో పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కాం. కాసేపు నడిచి సాఫ్ట్‌వేర్ తనంతట తానే మూసుకుపోయింది. తప్పు ఇదీ అని ఒక్క ముక్క రాలేదు, తెర మీద డెస్క్‌టాప్ బొమ్మ తప్ప. మళ్లీ నొక్కాం. మళ్లీ అంతే. ఆ రాత్రి ఎనిమిది సార్లు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అప్పటిదాకా మేము వాడుతున్నది ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించిన క్రాక్ కాపీ. దొంగతనం తప్పని సండే స్కూల్లో పిల్లలకు చెప్పే ఇంట్లోనే అది మూడేళ్లు నడిచింది. ఎడిటింగ్ చేసే మా అబ్బాయి "అది దొంగ సరుకు కాబట్టే పడిపోతోంది నాన్నా" అన్నాడు. తీసేసి, ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాం. మనస్సాక్షి తేలికైంది. సాఫ్ట్‌వేర్ మాత్రం మళ్లీ పడిపోయింది.

అప్పుడు అమ్మగారు ఒక నోటుపుస్తకం తెచ్చి పెట్టింది. కానుకల లెక్క రాసే పుస్తకంలాంటిదే. పడిపోయిన ప్రతిసారీ వీడియోలో ఎన్నో నిమిషం దగ్గర పడిందో రాయమంది. 12, 31, 9. ఒకదానికొకటి పొంతన లేదు. ఇంట్లో ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: ఒక్కోసారి ఒక్కో చోట పడిపోతుంటే ముందు యంత్రాన్ని అనుమానించాలి. ఎప్పుడూ ఒకే చోట పడిపోతుంటే ఆ చోట ఉన్న ఫైలును చూడాలి.

టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టి ఎక్స్‌పోర్ట్ నడిపితే మెమరీ 96 శాతం దాటింది. ఉన్నది 4 జీబీ ర్యామ్. విండోస్ తన పనికి తీసుకోగా మిగిలింది ఎంతని? పైగా సి డ్రైవ్ నిండి ఎర్రగీత చూపిస్తోంది. ఎడిట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ తన వాడకానికి దాచుకునే తాత్కాలిక ఫైళ్లన్నీ అందులోనే పేరుకుపోయాయి. డబ్బా మూత విప్పితే ఇక చెప్పక్కర్లేదు, శనక్కాయలు ఆడించే కాలపు దుమ్మంతా ఫ్యాన్ రెక్కల మీద అట్టకట్టి ఉంది. దుమ్ము దులిపాం. తాత్కాలిక ఫైళ్లు డి డ్రైవ్‌లోకి వెళ్లేలా సెట్టింగ్ మార్చాం. హిందూపురం వెళ్లినప్పుడు 8 జీబీ ర్యామ్ ఒకటి కొని తగిలించాం.

ఆ రోజు ఎక్స్‌పోర్ట్ గీత ఆగకుండా సాగుతుంటే ముగ్గురం కుర్చీలేసుకుని చూశాం. సగం దాటింది. పడిపోయింది. నోటుపుస్తకంలో: 37. మళ్లీ: 37. మళ్లీ: 37.

అంటే ఇప్పుడు ఫైలే. 37వ నిమిషంలో ఏముందో ఫోన్‌లో చూశాం. అక్కడ కరెంటు పోయింది. గది చీకటైంది. వెలుగు తగ్గితే ఫోన్ కెమెరా ఒక్కో బొమ్మకు ఎక్కువసేపు వెలుగు పట్టుకోవాలని చూస్తుంది, అందుకని సెకనుకు తీసే బొమ్మల సంఖ్య తగ్గించేస్తుంది. సినిమాకు సాధారణంగా సెకనుకు 24 బొమ్మలని లెక్క ఉంది, మధ్యలో మారదు. ఫోన్‌కు ఆ నియమం లేదు. 30తో మొదలుపెట్టి చీకట్లో తగ్గించి, కిటికీ తెరవగానే మళ్లీ పెంచింది. ఆ మార్పు దగ్గరే మా పాత కంప్యూటర్ తట్టుకోలేకపోతోంది.

"ఆ నాలుగు నిమిషాలు కోసేస్తే సరి" అన్నాడు అబ్బాయి. కోసి చూస్తే హాయిగా చివరిదాకా నడిచింది. కూడికకు ఇంకా నాలుగు రోజులు ఉంది. పని అయిపోయింది.

ఇప్పుడు ఆ నాలుగు నిమిషాల్లో ఏముందో చెప్పాలి. కరెంటు పోగానే మేము రికార్డింగ్ ఆపబోతే అవ్వ, "కరెంటు పోతే పోనీలే అయ్యా, నా నోరు పోలేదు గదా" అంది. వెలుగులో అరగంటసేపు కృప గురించి, పిల్లల గురించి చెప్పిన మనిషి చీకట్లో వేరే మాట ఎత్తుకుంది. "మా ఆయప్ప పోయినపుడు అయ్యగారు వస్తారని పొద్దుగూకేదాకా శవాన్ని పెట్టుకోని కూచున్యా. రాలేదు. మడకశిరలో ఎవరో పెద్దోళ్ల పెండ్లంట. నా కొడుకులే మట్టి పోసిరి. ఆ పొద్దు నాకు శానా కోపమొచ్చింది. ఆదివారం మాత్రం మానలా."

ఆ అయ్యగారు మేమే. తొమ్మిదేళ్ల కిందటి సంగతి. ఆ పెండ్లికి వెళ్లిందీ నిజమే, కబురు అంది కూడా భోజనాల దాకా ఉన్నదీ నిజమే. ఆ ముక్క తెర మీద లేకపోతే మాకు మంచిదే అన్న ఆలోచన, కంప్యూటర్ దాన్ని మింగేసిన క్షణం నుంచీ మా లోపల తిరుగుతూనే ఉంది. సాకు కూడా ఎంత చక్కగా దొరికింది! ఫైలు పాడైంది అంటే అడిగేవాడు లేడు.

అమ్మగారు కోసిన వీడియో చూసి ఒక్కటే అడిగింది: "అవ్వ మాట మధ్యలో ఆగిపోయిందే, తర్వాత ఏమంది?" ఆమెకు తెలుసు. ఆ రోజు ఫోన్ పట్టుకున్నది ఆమే.

కూడికను రెండు వారాలు జరిపాం. చేయాల్సిన పని తెలిశాక పెద్ద కష్టం కాలేదు. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో అసలు వీడియో పెట్టి, ఫ్రేమ్ రేట్ 30 అని, అది మారకుండా స్థిరంగా ఉండాలని ఎంచుకుని కొత్త కాపీ తీయాలి. మా యంత్రంలో రాత్రి మొదలుపెడితే తెల్లారేసరికి అయింది. కొత్త కాపీని ఎడిట్ చేస్తే 37 దాటింది, 41 దాటింది, చివరిదాకా వెళ్లింది. అసలు ఫైలును మాత్రం ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోవద్దు, కాపీ మీదే పని చేయండి. జరపడానికి అది ఒక్కటే కారణం కాదు. తెర మీద వినకముందే ఆమె కొడుకుల ఇంటికి వెళ్లి ఆ మాట మా నోటితో చెప్పాల్సి ఉండింది. వెళ్లాం. పెద్దాయన సంగటి పెట్టించి, తినేదాకా ఏమీ మాట్లాడలేదు. చేయి కడిగాక, "మాకు గుర్తుంది అయ్యగారూ" అన్నాడు. అంతే.

కూడికలో ఆ నాలుగు నిమిషాలు తెర దాదాపు నల్లగానే ఉండింది. గొంతు మాత్రమే. మీలో చాలామంది అక్కడే ఉన్నారు, విన్నారు.

అయిపోయాక పెద్దాయన పెన్‌డ్రైవ్ ఇచ్చి వీడియో అడిగాడు. ఎక్కలేదు. ఫైలు 4 జీబీకి కాస్త పైనుంది, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ అంత పెద్ద ఫైలును పట్టదు. "రెండు ముక్కలు చేసి ఇవ్వండి, పర్లేదు" అన్నాడాయన. వద్దన్నాం. అందులో ఉన్నవి వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చి, మొత్తం ఒకే ఫైలుగా ఎక్కించి ఇచ్చాం.