మా ఇంటికొచ్చిన పడవ

కెమ్నిట్జ్‌లో పాత సామాన్ల సంత జరిగితే మేమిద్దరం ఇంట్లో కూర్చోలేం. పోయిన ఏడు వేసవిలో అక్కడ 2 యూరోలకు ఒక చెక్క వస్తువు కొన్నాం. మూరెడు పొడవు, రెండు కొసలకూ ఉక్కు ములుకులు, నడుమ గుంత, పక్కన పింగాణీ పూస పొదిగిన చిన్న బెజ్జం. అమ్మిన కుర్రాడికీ అదేమిటో తెలియదు.

ఇంటికొచ్చిన మన మిత్రులందరికీ చూపించాం. ఇంజనీర్లం కదా, ఊహలకేం లోటు! పెన్నుల పెట్టె అన్నారొకరు, వడ్రంగి పనిముట్టు అన్నారొకరు. మా నాలుగేళ్ల అమ్మాయి పడవ అంది. అందరం నవ్వాం.

ఆ నెలలోనే చీరాల నుంచి అమ్మ వచ్చింది. బల్ల మీద దాన్ని చూస్తూనే, "నాడె నీకెక్కడిదిరా?" అంది. కుట్టుదారం అడిగి తీసుకుంది. కొసను లోపలినుంచి బెజ్జం దగ్గర పెట్టి, బయట పెదవులానించి ఒక్క పీల్పు పీల్చింది. దారం ఇవతలికొచ్చేసింది!

మగ్గం మీద పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తి పేక పోసేదే నాడె. నడిమి గుంతలో నూలు చుట్టిన కండె కూర్చుంటుంది. అమ్మ పుట్టింట మగ్గం ఉండేదని విన్నాం గాని, మాకు ఊహ తెలిసేసరికి అది లేదు. చదువు అబ్బక అయిదో తరగతితో మానేశానని అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ రోజు గుచ్చి గుచ్చి అడిగితే, కండెలు చుట్టే మనిషి లేక తాతయ్య బడి మాన్పించారని చెప్పింది.

ఈ ఊరిని ఒకప్పుడు సాక్సనీ మాంచెస్టర్ అనేవారు. షోన్‌హెర్ వారి మగ్గాలు తయారైంది ఇక్కడే. త్స్వికావర్ వీధిలో పాత పోత కర్మాగారాన్ని 2003లో పరిశ్రమల మ్యూజియం చేశారు. అమ్మను అక్కడికి తీసుకెళ్లాం. నాడెను జర్మన్లు 'వేబర్‌షిఫ్‌షెన్' అంటారట, అంటే నేతవాడి చిన్న ఓడ. మా అమ్మాయి గెలిచింది!

"వీళ్లకు కండెలు ఎవరు చుట్టేవారో అడుగు" అంది అమ్మ.

యంత్రాలు రాకముందు, ఇళ్లలో నేసిన రోజుల్లో, ఎక్కువగా పిల్లలే చుట్టేవారని అక్కడి పెద్దాయన చెప్పాడు. తెలుగు చేసి చెప్పాం.

"ఇక్కడా పిల్లలేనా?" అంది అమ్మ.