ఆటనే వృత్తిగా స్వీకరించిన హబీబ్

హైదరాబాదులో ఫుట్‌బాల్ ప్రస్తావన రాగానే పెద్దలు సయ్యద్ అబ్దుల్ రహీం గారిని స్మరిస్తారు. అది న్యాయమే. స్వతహాగా ఉపాధ్యాయుడైన ఆ మహనీయుని శిక్షణలోనే 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన దేశానికి స్వర్ణపతకం లభించింది. అయితే నన్ను మరింత ఆలోచింపజేసినది ఆ తరువాతి తరానికి చెందిన ముహమ్మద్ హబీబ్ గారి జీవితం.

1949లో మన నగరంలోనే జన్మించిన హబీబ్ 1966లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరారు. అనంతరం మోహన్ బగాన్‌కూ, మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. ఒకరి పేరు వింటే మరొకరు మండిపడే ఆ మూడు క్లబ్బుల అభిమానులూ ఆయనను ‘బడే మియా’ అనే పిలిచారు! 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యపతకం గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. ఆ జట్టు నాయకుడు నయీముద్దీన్ కూడ హైదరాబాదీయే. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించినప్పుడు ఒక గోలు హబీబ్‌దే. 1980లో అర్జున పురస్కారం లభించింది.

ఆ రోజులలో మంచి ఆటగాళ్ళకు బ్యాంకులు, రైల్వేలు పిలిచి ఉద్యోగాలిచ్చేవి. హబీబ్ మాత్రం వచ్చిన ఉద్యోగాలను కాదన్నారు. దేశంలో మొట్టమొదటి నిజమైన వృత్తి క్రీడాకారుడని ఆయనకు పేరు వచ్చినది అందువల్లనే. మోకాలు దెబ్బతింటే ఆదుకొనే నెలజీతం లేదు, పింఛను లేదు. మన విద్యార్థులకు క్రీడా ధ్రువపత్రం ఉద్యోగపు దరఖాస్తుకు జతపరచే కాగితం. నేను వారిని తప్పుపట్టను. పేదయింటి బిడ్డకు ఉద్యోగమంటే ఇంటిల్లిపాదికీ అన్నం. అందుచేతనే హబీబ్ గారి తెగువ ఎంతటిదో మనకు బాగుగా తెలియాలి.

ఆట విరమించిన పిమ్మటా ఆయన మైదానాన్ని విడువలేదు. మన నగరపు మరొక ఫార్వర్డు షబ్బీర్ అలీ శిక్షకుడై సాల్గావ్‌కర్ జట్టుకు 1998-99 జాతీయ లీగు గెలిపించి పెట్టారు. హబీబ్ జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోనూ, తరువాత హల్దియాలోనూ పిల్లలకు ఆట నేర్పారు. గోలు కొట్టినవానికి ఆ క్షణమే చప్పట్లు. పిల్లలకు నేర్పినవాని శ్రమ ఎన్నో ఏండ్లకు గాని పరుల కాళ్ళలో కనిపించదు. నా దృష్టిలో ఈ రెండవ పనియే కష్టతరం.

2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాదులోనే కన్నుమూశారు.

కళాశాల సంఘం వారికి ఒక మనవి. బంతులకు, బూట్లకు పద్దు వ్రాసేటప్పుడు, వాటి క్రింద శిక్షకుని నెలజీతమని ఇంకొక పంక్తి చేర్చండి.