తడి చూసే చెయ్యి

ఒక ఏప్రిల్ ఉదయం లేచి ఆర్కిడ్ల గది తలుపు తీసేసరికి కాళ్ళకింద నీళ్ళు. గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. 20 లీటర్ల డబ్బా అడుగంటింది. మూలనున్న చిన్న పంపు పీల్చడానికి నీళ్ళు లేక గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంది. 22 కుండీల మీదా ఆ నీళ్ళన్నీ రాత్రికి రాత్రే మంచులాగా కురిశాయి. రెండు నెలలపాటు రాత్రుళ్ళు కూర్చుని నేను తయారుచేసుకున్న యంత్రం, నేను నిద్రపోతుంటే, నేను చెప్పిన పనిని ఆపకుండా చేసింది.

ఆ యంత్రం ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి. ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఒక చిన్న గదిని ఆర్కిడ్లకిచ్చాను. ఫెలనాప్సిస్‌లు, డెండ్రోబియంలు, ఒక్క వాండా. జీవితంలో మొదటిసారి ఎవరి ఆకలితోనూ సంబంధం లేని పని ఒకటి పెట్టుకున్నాను. రెండేళ్ళకి గుంటూరులో అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. తమ్ముడు అక్కడే ఉంటాడు. అయినా నెలకి పదిరోజులు వెళ్ళాల్సింది నేనేనని ఎవరూ అనకుండానే అందరికీ తెలిసిపోయింది, నాతో సహా. నేను లేని రోజుల్లో మా ఇంట్లో పనిచేసే ఆవిడ తాళం తీసుకుని వచ్చి మొక్కలకి నీళ్ళు చల్లేది. అందుకు జీతం మీద నెలకి 300 రూపాయలు విడిగా ఇచ్చేదాన్ని.

అయినా నాకు స్థిమితం ఉండేది కాదు. అమ్మ మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో "లైట్లు వేశావా? ఎన్నిసార్లు చల్లావు?" అని అడుగుతూ ఉండేదాన్ని. ఇలా కాదని లైట్లనీ నీళ్ళనీ యంత్రానికి అప్పజెబుదామనుకున్నాను. "కరెంటూ నీళ్ళూ ఒకచోట పెట్టే పని, నీకెందుకమ్మా, ఎవరినైనా పిలిపిస్తాను" అన్నాడు మా అబ్బాయి. ఆ మాటతో పట్టుదల పెరిగింది. అరవై దాటాక టంకం వెయ్యడం నేర్చుకున్నాను.

లైట్ల పని సులువు. నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు, ఆకులకి అడుగు ఎత్తున. పొద్దున ఆరింటికి వెలిగి సాయంత్రం ఆరింటికి ఆరిపోవాలి. మొదట కొన్న టైమరు పళ్ళచక్రం రకం. చుట్టూ 96 మీటలు, ఒక్కో మీట పావుగంట. కరెంటు పోతే ఆ చక్రం కూడా ఆగిపోతుంది. మూడు గంటల కోత పడిన రోజు నుంచి మా ఆర్కిడ్లకి తొమ్మిదింటికి తెల్లవారడం మొదలైంది. అందుకని లోపల బ్యాటరీతో కాలం లెక్కపెట్టుకునే గడియారం చిప్పు పెట్టాను.

నీళ్ళ సంగతి అలా కాదు. వేసవిలో మన ఊళ్ళో గాలి ఎండిపోతుంది. ఈ ఆర్కిడ్లకి గాలిలో సగానికి మించి తేమ కావాలి. అందుకని 12 వోల్టుల పంపు, సన్నటి రంధ్రాలున్న నాజిళ్ళు, గాలిలో తేమని కొలిచే సెన్సరు, రిలే, వీటన్నిటినీ నడిపే అరచేతిలో పట్టే బోర్డు కొన్నాను. తేమ 60 శాతం కన్నా తగ్గితే పంపు వెయ్యి, 75 దాటితే ఆపెయ్యి, అని రెండు వాక్యాలు రాశాను. మొదటిసారి నా ప్రమేయం లేకుండా ఆ మంచు కురిసినప్పుడు ఒక్కదాన్నే గదిలో నిలబడి చప్పట్లు కొట్టాను.

ఆ నెల జీతం ఇస్తూ ఆమెతో అన్నాను, "ఇంక మొక్కల పని నీకు లేదులే, మిషను చూసుకుంటుంది." మేలు చేస్తున్నదానిలాగే అన్నాను. ఆమె నోట్లు లెక్కపెట్టుకుని, "సరేనమ్మా" అంది. అంతే. 300 రూపాయలు ఆగిపోయాయి.

వారం తర్వాత గది ఊడుస్తూ ఆమె ఒక మాట అంది. "అమ్మా, గా తెల్ల డబ్బ మీదనే నీల్లు పడ్తున్నయి. గది తడిసినంక దానికేం తెలుస్తది?" తెల్ల డబ్బా అంటే సెన్సరు. నేను పుస్తకంలోంచి తలెత్తకుండానే, "అది చూసుకుంటుందిలే" అన్నాను.

ఆ రాత్రి జరిగింది సరిగ్గా అదే. తడిసిన సెన్సరు అంకె చెప్పడం మానేసింది. అంకె కానిది 60 కన్నా తక్కువా కాదు, 75 కన్నా ఎక్కువా కాదు. నేను రాసిన రెండు వాక్యాల్లో ఏదీ దానికి వర్తించదు. కాబట్టి పంపు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే, అంటే తిరుగుతూనే, ఉండిపోయింది. చెప్పింది చెప్పినట్టు చేసే విధేయత ఎంత ప్రమాదమో మనం ఇంకో సందర్భంలో చాలా రాసుకున్నాం. దాన్నే నేను కొని తెచ్చుకున్నాను.

ఎనిమిదింటికి ఆమె వచ్చింది. గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి చూసింది. తర్వాత నన్నేమీ అడగకుండా ఫెలనాప్సిస్‌లని ఒక్కొక్కటే పక్కకి వంచి, నడిమి ఆకుల మధ్య నిలిచిన నీళ్ళు ఒంపేసింది. పాత నూలుచీర ముక్క మెలిపెట్టి మొవ్వులో దూర్చి మిగిలిన తడి పీల్పించింది. ఫ్యాను వేసింది. ఆ మొక్కకి మొవ్వులో నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుందని నేను పుస్తకాల్లో చదివాను. ఆమె చేత్తో నేర్చుకుంది. మొవ్వు దగ్గర వేలితో నొక్కి చూసి నాలుగు కుండీలు వేరుచేసింది. "గివి బత్కయమ్మా." పదిరోజుల్లో ఆ నాలుగే పోయాయి.

వేర్ల గురించి కూడా ఆమె అప్పుడే చెప్పింది. తెల్లగా వెండిలా ఉంటే దాహం, పచ్చగా ఉంటే వద్దు. నిజమే. ఆర్కిడ్ వేరు చుట్టూ వెలమెన్ అనే స్పాంజిలాంటి పొర ఉంటుంది. నీళ్ళు పీల్చుకున్నప్పుడు లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. నా సెన్సరు కొలిచేది గాలిని. వేరుని చూసేది ఆమె కన్ను. ఆ చూపుకే నేను నెలకి 300 ఇస్తున్నానని నాకు తెలియదు. నీళ్ళు చల్లినందుకు ఇస్తున్నాననుకున్నాను.

రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' నేను క్లాసులో ఎన్నోసార్లు ప్రస్తావించాను. ఇంట్లోకి యంత్రాలు వచ్చి ఒళ్ళు హూనమయ్యే పనిని తగ్గించినా గృహిణి పనిగంటలు తగ్గలేదనీ, అంతకుముందు మగవాళ్ళూ, పిల్లలూ, పనివాళ్ళూ పంచుకున్న పనులు కూడా ఆమె మీదికే చేరాయనీ ఆవిడ వాదన. చెప్పినన్నాళ్ళూ నన్ను నేను ఆ గృహిణి స్థానంలోనే చూసుకున్నాను. పనివాళ్ళు అన్న మాట దగ్గర ఆగలేదు. నా యంత్రం వచ్చాక ఏం జరిగింది? మంచు కురిసినప్పుడల్లా నేల తడిసేది. ఆ నేల తుడిచింది ఆమె. మన ఊరి నీళ్ళలోని సున్నం నాజిళ్ళలో గట్టిపడితే వెనిగర్లో నానబెట్టి కడిగిందీ ఆమే. ఆమె జీతంలోంచి 300 పోయాయి. పని మాత్రం రూపు మార్చుకుని ఆమె దగ్గరే ఉండిపోయింది. శ్రమకి విలువ కట్టడం లేదని ముప్పయ్యేళ్ళు మాట్లాడిన నేను, విలువ కట్టిన ఒకే ఒక్క చిన్న పనినీ కోసేశాను.

ఆ వారంలోనే సింగపూర్ జాతీయపుష్పం గురించి చదివాను. 'వాండా మిస్ జోకిమ్'. ఆగ్నెస్ జోకిమ్ అనే ఆర్మీనియన్ స్త్రీ రెండు జాతుల్ని సంకరం చేసి ఆ మొక్కని సాధించిందని 1893లో హెన్రీ రిడ్లీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. 1981లో అది జాతీయపుష్పమైంది. కానీ ఏ తుమ్మెదో చేసిన సంకరం ఆమె తోటలో కంటబడిందంతే అనే కథే దశాబ్దాలపాటు ప్రచారంలో ఉండింది. చదివి నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే గుర్తొచ్చింది, తెల్ల డబ్బా సంగతి మా ఇంట్లో ముందే కనిపెట్టి చెప్పిందెవరో.

యంత్రాన్ని తీసెయ్యలేదు. అమ్మ దగ్గరికి ఇప్పటికీ వెళ్ళాలి కదా. సెన్సరుని నాజిళ్ళకి దూరంగా జరిపాను. అంకె రాకపోతే పంపు ఆగిపోవాలనీ, ఏం జరిగినా ఒక్కసారికి 40 సెకన్లు మించకూడదనీ, సాయంత్రం నాలుగు తర్వాత అసలు తిరగకూడదనీ రాశాను. పెద్ద డబ్బా తీసేసి 3 లీటర్లది పెట్టాను. ఎంత తప్పు జరిగినా అంతకుమించి కురవదు. కుండీలకి నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో మాత్రం ఆమే చూస్తుంది. ఆగిపోయిన నెలల డబ్బు ఇచ్చి, ఇకనుంచి 500 అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "నాజిల్లు కడుగుడు గుడ నాదే గద, ఎనిమిదొందలియ్యండి" అంది. ఇస్తున్నాను.

ఇదంతా రాస్తున్నానని చెప్పి, నీ పేరు రాయనా అని అడిగాను. పేరు రాయకపోతే నేనూ ఆ తుమ్మెద కథ చెప్పినవాళ్ళలో చేరిపోతానేమోనని భయం.

"ఒద్దమ్మా," అంది. "మీ పుస్తకం చదివెటోల్ల ఇండ్లల్లనే గద మేం పన్జేసేది."