ఊదుబత్తికి లొంగని వాసన

‘‘గిదేం వాసన బిడ్డా... మనిల్లేనా ఇది?’’

తాళం తీసి గడప దాటగానే అమ్మమ్మ అన్న మాట. 2022 బతుకమ్మ పండగకి జక్రాన్‌పల్లి వెళ్లాం. మోకాలి ఆపరేషన్ కోసం జూన్‌లో నిజామాబాద్‌లోని మా ఇంటికి వచ్చిన మనిషి, నాలుగు నెలల తర్వాత తన ఇంట్లో అడుగుపెట్టింది. ఆ జులైలో మా జిల్లాలో వానలు దంచికొట్టాయి. ఇల్లేమో తలుపులు బిడాయించి ఉంది. పరుపు మీద తెల్లటి బూజు, ట్రంకుపెట్టెలో పట్టుచీరల మీద మరకలు, గోడల అడుగున నల్లటి చుక్కలు.

అమ్మమ్మకు ముందే ఆయాసం. రాత్రి తొమ్మిదింటికల్లా పిల్లికూతలు మొదలయ్యాయి. సద్దుల బతుకమ్మ ఆడకుండానే వెనక్కి తీసుకొచ్చేశాం. కారులో దారి పొడవునా ఒకటే మాట: ‘‘నా ఇంట్ల నేనుండద్దా?’’

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లి, అందరూ చేసే పనే చేశాను. ఊదుబత్తీలు వెలిగించాను, సాంబ్రాణి వేశాను, బీరువా నిండా డాంబర్ గోలీలు పోశాను. సాయంత్రానికి ఇల్లు మల్లెపూలూ, ముక్క వాసనా కలిసిన కొత్త కంపు కొట్టింది! డాంబర్ గోలీలు పురుగుల్ని తరుముతాయి గానీ తేమను తాగవు. ఆ వాసన బూజు వదిలేది. తేమ ఉన్నంత కాలం బూజు ఉంటుంది. చీపురుతో దులిపితే పోతుందనుకున్నాను. అదీ పొరపాటే. పొడిగా దులిపితే దాని రేణువులు గదంతా ఎగురుతాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్లలో తడిపిన బట్టతో తుడవాలి. ఆయాసం ఉన్నవాళ్లు దరిదాపుల్లో ఉండకూడదు.

ఎప్పుడో పాపికొండలకు వెళ్లినప్పుడు లాంచీ అడుగు గదిలో సరిగ్గా ఇదే వాసన తగిలింది. రేవులో ఆగగానే అందులో పనిచేసే కుర్రాడు చేసిన పని భలే గుర్తుండిపోయింది. రెండువైపులా కిటికీలు బార్లా తెరిచాడు, అడుగు చెక్కలు లేపాడు, పరుపులు ఎండలో పడేశాడు. ‘‘నీళ్లు కింద నుంచే కాదండీ, మనుషుల ఊపిరి నుంచి కూడా వస్తాయి’’ అన్నాడు. అప్పుడు నవ్వాను. నిజమే! రాత్రి నిద్రలో ఒక్క మనిషి ఊపిరీ, చెమటా కలిపి దాదాపు పావు లీటరు నీటిని గాలిలోకి వదులుతాడు. మూసిన గదిలో అది చల్లటి గోడ మీదే చేరుతుంది.

కానీ అమ్మమ్మ ఇంట్లో నాలుగు నెలలుగా ఊపిరి పీల్చిన వాళ్లే లేరు. మరి నీళ్లు ఎక్కడివి? జానెడు పాలిథిన్ కవరు ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు వేసి రెండ్రోజులు వదిలేశాను. కవరు పైన తడి చేరితే గదిలోని గాలిది, లోపలివైపు చేరితే గోడది. విప్పి చూస్తే లోపలివైపు చెమటలు పట్టినట్టుంది.

అప్పుడు గుర్తొచ్చింది మామయ్య చేయించిన రిపేరు. అవి అడుగున్నర మందం మట్టిగోడలు. పైన సున్నం పూత. నల్లరేగడి నేల నుంచి పైకి పాకిన తడి ఎప్పటికప్పుడు ఆవిరై బయటికి పోయేది. మామయ్య మోజుపడి, రెండువైపులా నున్నగా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, పైన ఖరీదైన రంగు వేయించాడు. పిట్టలు దూరుతున్నాయని పైనున్న గవాచులు కూడా మూయించాడు. తడికి పోయే దారి లేదు, గాలికి వచ్చే దారి లేదు. మామయ్యతో ఈ మాట చెప్పడానికి నాకు వారం పట్టింది. డబ్బు పెట్టినవాడికి కోపం రాదా మరి!

అమ్మమ్మే చెప్పింది చివరికి. ‘‘పసుపు కొమ్ము ఇరిస్తే ఫట్టుమనాలె. పచ్చిగుండంగ బస్తాకెత్తుతవా? మరి ఇంటికెందుకు తాళమేసినవ్?’’ మామయ్య పసుపు రైతు. ఉడికించిన కొమ్ములు పది పదిహేను రోజులు ఎండనిదే మార్కెట్‌కి తీసుకెళ్లడు. ఇంకేం మాట్లాడలేదు.

దసరా తర్వాత గోడల అడుగున మూడడుగుల ఎత్తు దాకా సిమెంటు చెక్కించాం. గోడను ఆనుకుని పారే మోరీని దూరం జరిపించి, వాకిట్లో వాన నీళ్లు బయటికి పోయేలా వాలు పెట్టించాం. గవాచులు తెరిపించి జాలీలు వేయించాం. చలికాలం, ఎండాకాలం గోడల్ని అలాగే వదిలేశాం. చూడ్డానికి చర్మం ఒలిచినట్టుండేది. వచ్చినవాళ్లంతా ‘ఇల్లు కూల్చేస్తున్నారా?’ అనడమే! మే నెలాఖరులో సున్నం గారపూత వేయించాం. సిమెంటు కలపకుండా చేస్తానన్న మేస్త్రిని వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పరుపు మాత్రం దక్కలేదు, పారేశాం.

గాలికీ వేళ ఉంది. వాన కురుస్తున్నప్పుడు కిటికీలు తెరిస్తే బయటి తేమంతా లోపలికొస్తుంది. తెరిపిచ్చి ఎండ కాసినప్పుడు ఎదురెదురు కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, పొద్దుగూకే ముందు మూసేయాలి. ఇంట్లో తడిబట్టలు ఆరేయకూడదు. బీరువా, మంచం గోడకు నాలుగు వేళ్లు ఎడంగా ఉంచాలి. ఈ పనులన్నీ పక్కింటి అక్కకు అప్పజెప్పి, తాళంచెవి కూడా ఆమెకే ఇచ్చాం.

2023 జూన్‌లో అమ్మమ్మ వచ్చేసింది. జులైలో మళ్లీ ముసురు పట్టింది. మొదటి మూడు రాత్రులు నేను పక్కనే పడుకుని, ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. పిల్లికూతలు లేవు. నాలుగో రోజు నన్ను డ్యూటీకి పొమ్మంది. మంచాన్ని గోడకు ఆనించి వేయమని మాత్రం ఇప్పటికీ గొడవే.