పదకొండు కిటికీల కోట



ఈ వారము ఒక కేకును గురించి వ్రాస్తున్నాము. దైవసేవకునికి కేకుతో ఏమి పని అనుకోవద్దు. ఆ కేకు ముందు మేము తల దించుకోవలసి వచ్చింది. అది చెప్పుకోకపోతే మా మనస్సాక్షికి నెమ్మది లేదు.

మొన్న జనవరిలో మా సంఘములో పుట్టినరోజు పండుగల మీద గట్టిగా ప్రసంగించాము. కారణము లేకపోలేదు. ఒక కుటుంబమువారు ప్రొద్దుటూరు నుండి మూడంతస్తుల కేకు తెప్పించారు. అది చూసి ఇంకొక కుటుంబమువారు వడ్డీకి డబ్బు తెచ్చి మరీ నాలుగంతస్తులది తెప్పించారు. అందుకని ఆ ఆదివారము ఇలా చెప్పాము: "బైబిలులో పుట్టినరోజు విందు చేసినట్టు స్పష్టముగా కనబడేది ఇద్దరే, ఫరో, హేరోదు. ఆదికాండము 40వ అధ్యాయములో ఫరో పుట్టినరోజున భక్ష్యకారుల అధిపతికి ఉరి. మార్కు 6వ అధ్యాయములో హేరోదు పుట్టినరోజున బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెములోకి. ఇక మీరే ఆలోచించుకోండి." సంఘము నిశ్శబ్దమైపోయింది. మంచి ప్రసంగమని ఇద్దరు పెద్దలు చేతులు కూడా కలిపారు. మేమూ సంతోషించాము.

మే నెల మొదట్లో ఒక సాయంత్రము ఒక చిన్నపాప మా ఇంటికి వచ్చింది. ముందు వాకిలి తెరిచే ఉన్నా, చుట్టూ తిరిగి వెనక వంటింటి తలుపు దగ్గర నిలబడింది. సంఘమంతా అమ్మగారని పిలిచే మా సహధర్మచారిణిని మెల్లగా పిలిచి అడిగింది.

"అమ్మగారూ, నా పుట్టినరోజుకు కోట కేకు చేసిస్తారా? అయ్యగారికి మాత్రం చెప్పొద్దండి."

ముందు గదిలో ఉన్న మాకు ఆ మాట వినబడింది. ఒక బిడ్డ మా వాకిలి తప్పించుకొని వెనక దారిన వచ్చిందంటే, ఆ వాకిలికి అడ్డము పెట్టినది మా ప్రసంగమే.

ఆ పాపకు తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో ఖద్దామా పనిలో ఉంది. పోయి మూడేళ్లు దాటింది. అవ్వ శనగ చేలల్లో కూలికి పోతూ మనవరాలిని సాకుతోంది. పాపకు తొమ్మిదో ఏడు నిండబోతోంది. ఈ మూడేళ్లలో అది ఎవరినీ ఏమీ అడగలేదని అవ్వ చెప్పింది. చేద్దామని అమ్మగారు మా వైపు చూడకుండానే మాట ఇచ్చేసింది.

లూకా 14లో గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు గదా. మేమూ కూర్చున్నాము. మా ఇంట్లో ఓవెను లేదు. కుక్కరులోనే కాల్చాలి. పులివెందులలో అమ్మగారి చెల్లెలు కేకులు నేర్చుకుంది. క్రీము పూసే గొట్టాలు, తిప్పే పీట ఆమె దగ్గర ఉన్నాయి. ముద్దనూరు మీదుగా బస్సులో పోయి తెచ్చాము. ఐసింగ్ చక్కెర, వెన్న, కోకో పొడి ప్రొద్దుటూరులో కొన్నాము. ఐస్‌క్రీము కోన్లు జమ్మలమడుగులో దొరికాయి.

ఇంతకీ ఏ కోట కావాలో పాపను అడగాలి. ఈసారి మేమే అడిగాము. భయపడుతూ వచ్చింది. గండికోట చేద్దామా అన్నాము. మన పక్కనే పెన్నా లోయ అంచున ఉన్న కోట, పెమ్మసాని నాయకులు ఏలిన కోట. సండే స్కూలు పిల్లలను ఒకసారి తీసుకొనిపోయి ధాన్యాగారము, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు అన్నీ చూపించాము.

"అది పడిపోయింది కదా అయ్యగారూ. పడిపోనిది కావాల."

సరే, రాకుమార్తెల కథల్లో మాదిరి గులాబీ రంగుది చేద్దామంది అమ్మగారు. పాప అదీ వద్దంది. మట్టి రంగు కావాలంది. ముందర పెద్ద గేటు ఉండాలంది. ఒక పక్క గోడకు పదకొండు కిటికీలు ఉండాలంది. పది కాదు, పన్నెండు కాదు, పదకొండు. పిల్లల ముచ్చట అనుకున్నాము. ఎందుకని అడగలేదు.

పని మొదలైంది. కుక్కరు అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, మూత రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడి చేయాలి. మైదా, చక్కెర, వెన్న తలా పావు కిలో, నాలుగు గుడ్లు, కొంచెము బేకింగ్ పౌడరు. సన్న సెగ మీద ముప్పావు గంటకు పైగా పడుతుంది. అట్లా మూడు కేకులు. గుండ్రని కేకు అంచులు కోసి చతురస్రము చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టింది. మిగిలిన దానిలో స్టీలు గ్లాసుతో గుండ్రని బిళ్లలు కోసి, మూడేసి పేర్చి బురుజులు చేసింది. వాటి నెత్తిన కోన్లు బోర్లించింది. పైబరువుకు కింది కేకు కుంగకుండా లోపల వెదురు పుల్లలు గుచ్చాలని చెల్లెలు చెప్పింది. బయటికి కనబడని ఆ పుల్లలే కోటను మోస్తాయి. గుచ్చడము మా పని. రెండు వంకరగా గుచ్చితే తీయించి మళ్లీ గుచ్చించింది.

ఆ వారము ఎండ 42 డిగ్రీలు దాటింది. ఉత్త వెన్నతో చేసిన క్రీము ఆ ఎండకు నిలవదని సగము డాల్డా కలిపింది. చిటికెడు కోకో పొడితో మట్టి రంగు వచ్చింది. వేఫర్ బిస్కెట్లతో గేటు పెట్టింది. చాక్లెట్ ముక్కలు కోసి పదకొండు కిటికీలు అంటించింది. పాప రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

కేకు ఎప్పుడు కోయాలి? పాప చెప్పిన మాట ఒక్కటే, అమ్మ ఫోను వచ్చినాక. వాళ్ల అమ్మకు పని ముగిసి ఫోను చేతికి వచ్చేది అక్కడ రాత్రి పదికి. కువైట్ గడియారము మనకన్నా రెండున్నర గంటలు వెనుక. అంటే మనకు పన్నెండున్నర.

సాయంత్రము వీధి పిల్లలందరూ వచ్చారు. వారికి మిఠాయి పంచి, ప్రార్థన చేసి పంపించాము. కోట మాత్రము పక్కింటివారి ఫ్రిజ్‌లో ఉంది. తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. పదకొండైనా రాలేదు. కోటను బయటికి తెచ్చి, తడిగుడ్డ కప్పిన పెద్ద గంపను దాని మీద బోర్లించాము. అవ్వ ఒడిలో పాప నిద్రపోయింది. మేమిద్దరము విసనకర్రలతో కేకుకు విసురుతూ కూర్చున్నాము. పన్నెండు గంటలకు గంప ఎత్తి చూస్తే, ఒక బురుజు మెల్లగా ఒరిగి, కోనుతో సహా పళ్లెములో పడింది. అమ్మగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పడిపోనిది అడిగింది కదండీ" అంది.

పన్నెండున్నర దాటి ఐదు నిమిషాలకు ఫోను మోగింది. పాపను లేపాము. తెరలో తల్లి మొహము సగమే కనబడుతోంది. ఎవరైనా వింటారేమోనని గుసగుసగా మాట్లాడుతోంది. ఆమె వెనకాల బట్టలుతికే యంత్రము, ఒక చాప. పాప నిద్రమొహముతోనే ఫోనును కోట పక్కగోడకు తిప్పింది.

"చూడుమా, మీ ఇల్లే. నువ్వు తుడిచే కిటికీలు. పదకొండూ ఉండాయి."

అప్పుడు గాని మాకు అర్థము కాలేదు. తల్లి ఏదో ఒక రోజు మాటల్లో చెప్పి ఉంటుంది, ఒక పక్కనే పదకొండు కిటికీలమ్మా, తుడిచేసరికి చేతులు పడిపోతాయని. బిడ్డ ఆ లెక్క దాచుకుంది. మేము ఆడంబరమని పులిపీఠము మీద ఖండించిన కేకు, ఈ బిడ్డకు తల్లి ఉండే చోటు.

తల్లి కాసేపు మాట్లాడలేదు. పాప మళ్లీ అడిగింది, "ఇందులో నీ గది యాడుందిమా? పడిపోయింది నీది కాదు కదా?"

మా గుండె ఆగినంత పనైంది. ఆమె పడుకొనేది బట్టలుతికే గదిలో చాప మీద. అవునంటే బిడ్డ ఏడుస్తుంది, పై బురుజు చూపిస్తే అబద్ధము. ఆ తల్లి రెండూ చేయలేదు.

"నాది పైన లేదు నాయనా. కింద, వాకిలి పక్కనే. నువ్వొస్తే అందరికన్నా ముందు నాకే కనపడతావు."

పాప తృప్తిగా నవ్వింది. గేటు పక్కన కొంచెము కోసి మొదటి ముక్క ఫోనుకు చూపించి, అవ్వ నోట్లో పెట్టింది. రెండో ముక్క మాకు తెచ్చింది. "తినండి అయ్యగారూ, పాపం కాదులెండి" అంది. తిన్నాము.

ప్రియులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. లేచి 84వ కీర్తన తీశాము. భక్తిహీనుల గుడారాలలో కాపురముండుటకంటె దేవుని మందిర ద్వారము దగ్గర ఉండుటే మేలని పదవ వచనములో భక్తుడు అంటాడు. ఆ కీర్తన కోరహు కుమారులది. వారి వంశస్థుల పని ఏమిటో మొదటి దినవృత్తాంతములు 26లో ఉంది. వారు ద్వారపాలకులు. గుడి లోపలి గొప్ప స్థలము వారికి రాలేదు, వాకిలి వచ్చింది. ఆ వాకిలినే వారు పాటగా చేసుకున్నారు. ఈ తల్లికి ఆ కీర్తన తెలుసో లేదో మాకు తెలియదు. మేము సెమినరీలో ఆ కీర్తన మీద పరీక్ష వ్రాసి మార్కులు తెచ్చుకున్నాము. అర్థము మాత్రము ఆమె చాప మీద కూర్చొని చెప్పింది.

సామెతలు 18వ అధ్యాయములో 10, 11 వచనాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి యెహోవా నామము బలమైన కోట అంటుంది. రెండవది ధనవంతునికి తన ఆస్తే కోటగా తోస్తుంది అంటుంది. మేము జనవరిలో రెండవ వచనము మాత్రమే ప్రసంగించాము. కోటలోకి పరుగెత్తుకొని రావలసిన బిడ్డలకు వాకిలి ఎక్కడుందో చూపించలేదు.

తరువాతి ఆదివారము సంఘము ముందు క్షమాపణ అడిగాము. అప్పు చేసి పండుగలు చేయవద్దన్న మాట వెనక్కి తీసుకోలేదు. కాని యోబు 1వ అధ్యాయము కూడా చదివాము. తన పిల్లల విందు దినాలు ముగియగానే ఆ తండ్రి తెల్లవారుజామున లేచి ఒక్కొక్కరి పేరున బలి అర్పించేవాడు. విందును ఆపలేదు, వారికోసము ప్రార్థించాడు. ఆ వరుస మేము మరిచిపోయాము.

ఇంకొక మాట. కువైట్‌కు మన ఆడబిడ్డలను పంపే కుటుంబాలు ఇది గమనించండి. 2015లో కువైట్ చేసిన చట్టము ప్రకారము ఇంటిపనివారికి వారానికొక సెలవు ఉంది, పని రోజుకు 12 గంటలు మించకూడదు. ఈ సంగతి పోయేముందే వారికి చెప్పి పంపండి. పాస్‌పోర్టు, ఒప్పంద కాగితాల నకళ్లు ఇంట్లో ఉంచుకోండి. పిల్లలు ఇక్కడ ఎవరి దగ్గర ఉన్నారో, వారి మనసులో ఏ లెక్కలు ఉన్నాయో సంఘము అడిగి తెలుసుకోవాలి. మేము పదకొండు ఎందుకని అడగలేదు. మీరైనా అడగండి.

ఆ పాప ఇప్పుడు మా ముందు వాకిలి గుండానే వస్తోంది.

ప్రార్థన: తండ్రీ, పరుల ఇండ్లలో కిటికీలు తుడిచే మా తల్లులను, అక్కచెల్లెండ్రను నీ రెక్కల నీడలో దాచుము. వారి పిల్లలు మా వాకిలికి భయపడకుండునట్లు మమ్మును మార్చుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.